ఫిర్యాదులు కావలెను

ఇరవై రెండేళ్ల సర్వీసులో స్టాఫ్ నర్సు సుగుణరత్నం మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. అందుకుగాను ఆమెకు మెమో వచ్చింది.

వచ్చింది కూడా సోమవారం పొద్దున. గంటిపాలెం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సోమవారమంటే బీపీ, షుగరు చూసే రోజు. వరండాలో అరవై మంది దాకా కూర్చుని ఉన్నారు. సుగుణరత్నం బల్ల ముందు కూర్చున్న పేరంటాలమ్మ అనే ముసలామె జబ్బకు పట్టీ చుట్టి, గాలి కొట్టి, ముల్లు దిగేలోపల కవరు చించి చదివింది. చదివాక పట్టీ విప్పి తన చేతికి చుట్టుకోవాల్సి వచ్చింది.

"మీ కేంద్రమునందు గడచిన మూడు సంవత్సరములుగా రోగుల నుండి ఎట్టి ఫిర్యాదును అందకపోవుటను ఈ కార్యాలయము తీవ్రముగా పరిగణించుచున్నది. రోగులకు తమ హక్కులు తెలియకపోవుట వలననో, తెలిసినను మీరు నోరెత్తనీయకపోవుట వలననో ఇట్లు జరిగియుండును. ఫిర్యాదులు రాకపోవుటకు గల కారణములను మూడు దినములలో లిఖితపూర్వకముగా తెలుపవలెను."

కింద సంతకం జిల్లా రోగుల హక్కుల సమన్వయాధికారి పరబ్రహ్మం గారిది.

సుగుణరత్నం ఆ కాగితాన్ని డాక్టరు గదిలోకి తీసుకెళ్లింది. డాక్టర్ షరీఫ్‌కు ఇరవై తొమ్మిదేళ్లు. ఉద్యోగంలో చేరి రెండేళ్లే అయింది కాబట్టి ప్రభుత్వ కాగితాల్ని ఇంకా అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తూ ఉంటాడు. రెండుసార్లు చదివాడు.

"కారణం ఏముంది సిస్టర్? బాగా చూస్తున్నాం కాబట్టి రాలేదు అని రాద్దాం."

"అట్లాగే రాయండి సార్."

రాశాడు. గురువారానికి జవాబొచ్చింది. "బాగుగా చూచుట అనునది ఫిర్యాదులు లేకపోవుటకు సమంజసమైన కారణముగా పరిగణింపబడదు. తనిఖీకి స్వయముగా వచ్చుచున్నాము."

మర్నాడు పరబ్రహ్మం గారు స్వయంగానే వచ్చారు. భయపడుతూ ఎదురు చూసిన సుగుణరత్నానికి ఆయన్ని చూస్తే భయం వెయ్యలేదు. పొట్టిగా, మెత్తటి గొంతుతో, పెళ్లి శుభలేఖలు పంచడానికి వచ్చిన మనిషిలా ఉన్నారు. చంకలో చుట్టిన ఫ్లెక్సీ ఉంది. దాన్ని గోడకు కట్టించారు. రోగుల హక్కులు, మొత్తం ఇరవై ఏడు.

"చూడండి సిస్టర్," అన్నారాయన ఎంతో ఓపిగ్గా. "ఫిర్యాదు అంటే ఏమిటి? చైతన్యం. ఫిర్యాదే లేని చోట చైతన్యం ఉన్నదని నేను పైవారికి ఏ ముఖంతో నివేదించాలి?"

"జబ్బులు తగ్గుతున్నయ్యి గదండీ."

"అది వేరే విభాగం."

ఆయన బ్యాగులోంచి ఒక పట్టిక తీశారు. జిల్లాలో చైతన్య సూచిక ప్రకారం రావిమెట్ట కేంద్రం మొదటి స్థానంలో ఉంది. మూడు నెలల్లో నాలుగువందల పన్నెండు ఫిర్యాదులు.

"రావిమెట్టలో డాక్టరు లేక ఎనిమిది నెలలైందండీ," అన్నాడు షరీఫ్.

"ఆ ఒక్క అంశం మీదే రెండువందల ఆరు వచ్చాయి. ప్రజలు ఎంత మేలుకుని ఉన్నారో గమనించండి."

అసలు సంగతి అప్పుడు చెప్పారు. నెలాఖరులోగా గంటిపాలెం నుంచి కనీసం నలభై ఫిర్యాదులు రావాలి. రాకపోతే ఇక్కడి కాన్పుల గదిని, అందులోని సామానుతో సహా, రావిమెట్టకు తరలిస్తారు. ఇటువంటి సౌకర్యాలు చైతన్యం ఉన్నచోటే ఉండాలన్నది విధాన నిర్ణయం.

రావిమెట్ట ఇరవై నాలుగు కిలోమీటర్లు. మధ్యలో వాగు మీద చప్టా. సుగుణరత్నం ఈ ఊరికొచ్చిన కొత్తలో ఇక్కడ కాన్పుల గది లేదు. అప్పుడొకసారి నొప్పులు పడుతున్న మనిషిని ఆటోలో తీసుకుపోతుంటే చప్టా మీద నీళ్లొచ్చి ఆటో ఆగిపోయింది. పక్కన కూర్చుంది సుగుణరత్నమే. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు. ఆ తరవాత నాలుగేళ్లు తిరగని ఆఫీసు లేకుండా తిరిగి ఆమె ఈ గది వేయించింది. ఇప్పటికి వెయ్యి పైచిలుకు పిల్లలు అందులో మొదటిసారి ఏడ్చారు.

"పెట్టె తెరుద్దామా," అన్నారు పరబ్రహ్మం గారు.

ఫిర్యాదుల పెట్టె తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. రాయితో కొట్టి తెరిచారు. లోపల సుగుణరత్నానికి వచ్చిన రెండు పెళ్లి పత్రికలు, బల్లి గుడ్లు, ఒక ఉత్తరం ఉన్నాయి. ఉత్తరంలో "సిస్టరమ్మకు దండాలు. మీరు చెప్పినాక మా ఆయన తాగుడు మానేశాడు" అని ఉంది.

ఆయన దాన్ని చదివి విచారంగా తల ఊపి, పుస్తకంలో నమోదు చేశారు. "ఇది ప్రశంస. నిబంధన ప్రకారం ఒక ప్రశంస వస్తే ఒక ఫిర్యాదు తీసివేయబడుతుంది. ప్రస్తుతం మీరు సున్నాకు ఒకటి తక్కువలో ఉన్నారు."

ఆయన వెళ్లాక సుగుణరత్నం కాసేపు ఆలోచించింది. ఊళ్లో నోరున్న మనిషి పేరంటాలమ్మ. బస్సు కండక్టరుతో, రేషను డీలరుతో, కరెంటు లైన్‌మన్‌తో, ఒకసారి పెళ్లిలో వడ్డించేవాడితో కూడా గొడవ పెట్టుకున్న మనిషి. ఆమె రాస్తే నలభై ఒక లెక్కా? సాయంత్రం వాళ్లింటికి వెళ్లింది.

"పెద్దమ్మా, ఒక ఫిర్యాదు రాసిపెట్టాలి నువ్వు."

"ఎవురి మీద? చెప్పు, ఇప్పుడే రాస్తా," అంది పేరంటాలమ్మ చేటలో కందులు పక్కన పెట్టి.

"నా మీద."

"నువ్వేం చేశావు?"

"ఏం చెయ్యలేదు."

"మరేంది నేను రాసేది? నా ముగ్గురు మనవలూ నీ చేతుల్లోనే పడ్డారు. నీ మీద రాస్తే నా చెయ్యి పడిపోదా? ఎవురన్నా నిన్ను ఇబ్బంది పెడతన్నారా అమ్మాయ్? దాచకుండా చెప్పు."

సుగుణరత్నం దాచకుండా చెప్పింది. అదే ఆమె చేసిన పొరపాటు. పేరంటాలమ్మకు సగమే అర్థమైంది, ఆ సగాన్ని ఊరంతా చెప్పింది. సిస్టరమ్మను ఏదో ఆఫీసరు బదిలీ చేయిస్తున్నాడన్న మాట రెండు రోజుల్లో పొరుగూళ్లకు కూడా పాకింది. ఆదివారం నాడు పెద్దలు కూర్చుని, సిస్టరమ్మ అంత మంచి మనిషి జిల్లాలోనే లేదని ఒక అర్జీ రాసి, రెండువందల నలభై మంది సంతకాలు, వేలిముద్రలు పెట్టి, నలుగురు మనుషులు సోమవారం ఆఫీసు తెరిచే వేళకు మోటారు సైకిళ్ల మీద వెళ్లి జిల్లా ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకుని మరీ వచ్చారు.

ఆ మధ్యాహ్నానికే ఫోనొచ్చింది. రెండువందల నలభై ప్రశంసలు నమోదయ్యాయి.

"అంటే మొత్తం సున్నాకు రెండువందల నలభై ఒకటి తక్కువ," అన్నాడు షరీఫ్ లెక్కవేసి. "నలభైకి చేరాలంటే రెండువందల ఎనభై ఒకటి కావాలి సిస్టర్."

లెక్కను ఇద్దరూ ఇంకో రెండుసార్లు సరిచూశారు. చివరికి షరీఫ్, "మనం ఏదో ఒక తప్పు చెయ్యాలి," అన్నాడు.

మర్నాడు ఆయన కావాలని గంటన్నర ఆలస్యంగా వచ్చాడు. గేటు దగ్గరే ఇద్దరు మజ్జిగ చెంబుతో ఎదురొచ్చారు. "జొరమా సార్? మొహం పీక్కుపోయింది," అంటూ కుర్చీలో కూర్చోబెట్టి విసనకర్రతో విసిరారు. తమ రోగాలు రేపు చూపించుకుంటామని, ఇవాళ పడుకోమని చెప్పి సగంమంది ఇళ్లకు వెళ్లిపోయారు. వాళ్లను వెనక్కి పిలుచుకురావడానికి ఆయనకు ఇంకో గంట పట్టింది.

సుగుణరత్నం తిట్టి చూసింది. వరసలో సరిగ్గా నిలబడలేదని ఒకాయన్ని, "కళ్లు కనపడటంల్యా? ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని అరిచింది. ఆమె గొంతు అంత పెద్దదని ఆమెకే తెలియదు. ఆ మనిషి బయటికెళ్లి టీకొట్టు దగ్గర, "సిస్టరమ్మ నన్ను సొంత తమ్ముణ్ణి తిట్టినట్టు తిట్టిందిరా," అని చెప్పుకుని మురిసిపోయాడని సాయంత్రానికి తెలిసింది.

ఇక లాభం లేదని ఆమె పరబ్రహ్మం గారికే ఫోను చేసి, మా జనానికి ఫిర్యాదు చెయ్యడం చేతకావడం లేదండీ అని ఒప్పుకుంది. ఆయన చాలా సంతోషించారు. సమస్యను గుర్తించడమే సగం పరిష్కారమన్నారు. వచ్చే సోమవారమే చైతన్య శిబిరం పెడదామన్నారు.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఆవరణలో షామియానా లేచింది. శిబిరం పూర్తయ్యేదాకా ఓపీ బంద్. డాక్టరు, నర్సు వేదిక మీద కూర్చోవాలి. వచ్చిన అరవై మూడు మందీ కుర్చీల్లో కూర్చోవాలి, మధ్యలో లేవకూడదు. షుగరు పరీక్ష కోసం పరగడుపున వచ్చినవాళ్లు వాళ్లలో సగానికి పైగా ఉన్నారని షరీఫ్ మెల్లిగా చెప్పబోయాడు. పరబ్రహ్మం గారు అప్పటికే మైకు పట్టుకున్నారు.

పదింటిదాకా హక్కు అంటే ఏమిటో చెప్పారు. పదింటికి ఫిర్యాదు రాసే ఏడో నంబరు ఫారాలు పంచి, ఒక్కొక్కరినీ లేచి నమూనా ఫిర్యాదు చెప్పమన్నారు.

మొదటి వరసలో ఒక రైతు లేచి, పక్కింటివాళ్ల గేదె తన చేలో పడుతోందన్నాడు.

"ఆ గేదె ఈ కేంద్రంలో ఉద్యోగా?" అని అడిగారు పరబ్రహ్మం గారు.

"కాదండీ."

"అయితే పరిధిలోకి రాదు. కూర్చోండి. తరవాత?"

తరవాతామె తన తోటికోడలి గురించి చెప్పింది. ఆ తరవాతాయన టీవీలో సీరియలు ఆపేశారన్నాడు. పరబ్రహ్మం గారు ఎవరినీ విసుక్కోలేదు. చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించినట్టు మళ్లీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టారు.

పదకొండింటికి గేట్లోకి ఆటో వచ్చింది. అందులో మస్తానమ్మ, పొగాకు బేళ్లు కట్టే చోట కూలికి వెళ్లే పిల్ల, మొగుడి భుజం కరిచి పట్టుకుని ఉంది. మొదటి కాన్పు. సుగుణరత్నం వేదిక మీదనుంచి ఒక్క అంగలో దిగింది.

"సిస్టర్, ఆగండి," అన్నారు పరబ్రహ్మం గారు మైకులోనే. "హక్కులు తెలియజేయకుండా వైద్యం ప్రారంభించుట తీవ్రమైన ఉల్లంఘన. ముందు ఇరవై ఏడూ చదివి వేలిముద్ర తీసుకోవాలి."

"మీరు చదువుతా ఉండండి సార్. నేను లోపల చూసుకుంటా ఉంటా," అని ఆమె మస్తానమ్మను నడిపించుకుని లోపలికెళ్లి తలుపేసింది. షరీఫ్ వెనకే పరుగెత్తాడు.

పరబ్రహ్మం గారు నిజాయితీ గల మనిషి. కాగితం పట్టుకుని తలుపు దగ్గర నిలబడి, లోపలికి వినపడేట్టు గట్టిగా చదివారు. "ఒకటవ హక్కు, సకాలంలో వైద్యం పొందుట. రెండవ హక్కు..."

ఆరవది నిశ్శబ్ద వాతావరణం. దాన్ని ఆయన రెండుసార్లు అరవాల్సి వచ్చింది, లోపల మస్తానమ్మ కేకలకు వినపడలేదేమోనని.

"ఎనిమిదవ హక్కు, వైద్యాన్ని నిరాకరించుట. అమ్మా, తమరు నిరాకరిస్తున్నారా?"

లోపల్నుంచి మస్తానమ్మ ఒక జవాబు చెప్పింది. అందులో ఆయన ప్రస్తావన, ఆయన పెద్దల ప్రస్తావన కూడా ఉన్నాయి. దాన్ని ఏ గడిలో రాయాలో ఆయనకు తోచలేదు.

"పదవ హక్కు, వ్యక్తిగత గోప్యత," అని చదువుతుండగా పేరంటాలమ్మ వచ్చి ఆయన పక్కన నిలబడింది. పరగడుపున వచ్చిన మనిషి, మొహం వాడిపోయి ఉంది.

"ఏమయ్యా, ఆడమనిషి కాన్పు గది గుమ్మంలో నిలబడి గోప్యత అంటన్నావే, నీకేమన్నా బాగుందా? ఆ కాయితం లోపల పెట్టి పోయి వేన్నీళ్ల బిందె పట్టుకురా."

ఆ గొంతుకు కండక్టర్లే బస్సు ఆపేస్తారు. పరబ్రహ్మం గారు కాగితం జేబులో పెట్టి పోయి వేన్నీళ్ల బిందె పట్టుకొచ్చారు. పదకొండో హక్కు చదవకముందే లోపల బిడ్డ కేరుమంది. ఆడపిల్ల. షామియానా కింద ఉన్నవాళ్లంతా ఒక్కసారి నవ్వారు. తెలియకుండానే ఆయనా నవ్వారు. తరవాత గుర్తొచ్చి కాగితం తీసి, తల్లికి ఇంకా పదిహేడు మిగిలి ఉన్నాయని, బిడ్డ కొత్తగా చేరిన రోగి కాబట్టి ఆమెకు మొదటినుంచీ చదవాలని అన్నారు.

అప్పుడే పేరంటాలమ్మ గోడ పట్టుకుని కూలబడింది. షరీఫ్ బయటికొచ్చి చూసి, గ్లూకోజు నీళ్లు తెప్పించి తాగించాడు. చుట్టూ ఇంకో నలుగురికి కళ్లు తిరుగుతున్నాయి. వాళ్లకూ ఇచ్చారు. కాసేపటికి తేరుకున్నాక పేరంటాలమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఒకటో హక్కు ఏందని చదివావయ్యా ఇందాక?"

"సకాలంలో వైద్యం పొందు హక్కు."

"నేను ఏడింటికొచ్చా. ఇప్పుడు పన్నెండయింది. నా షుగరు ఎవురన్నా చూశారా?"

"శిబిరం జరుగుతున్నది కదమ్మా."

"శిబిరం ఎవురు పెట్టారు?"

"మా విభాగం."

"అయితే ఆ ఫారం ఇట్లా తే. నీ మీద రాస్తన్నా."

ఐదో తరగతి దాకా చదివిన మనిషి. గోడ మీది ఫ్లెక్సీ చూసుకుంటూ, ఫారం మోకాలి మీద పెట్టుకుని రాసింది. ఒకటో హక్కు పోయింది. నిశ్శబ్దం అన్న ఆరోది మైకుతో పోయింది. గోప్యత పదోది. లేవనియ్యలేదు కాబట్టి స్వేచ్ఛగా వెళ్లిపోయే హక్కు పదిహేడోది. మంచినీళ్లియ్యలేదు, అది ఇరవై రెండోది. మొత్తం ఐదు. ఆమె రాస్తుంటే పక్కవాళ్లు చూశారు. ఇంతేనా, ఇదైతే మాకూ వచ్చు అన్నారు. గేదె రైతు అందరికంటే ముందు లేచాడు. అరవై మూడు మందీ రాశారు. రాయడం రానివాళ్లు చెప్పి రాయించారు. ఒక్కో హక్కుకు ఒక్కో ఫిర్యాదు. ఒకటింటికి బల్ల మీద మూడువందల పదిహేను ఫిర్యాదులు ఉన్నాయి.

"అవి మన మీద రాసినవి కాదు గదా సార్, మన లెక్కలోకి వస్తయ్యా?" అని సుగుణరత్నం గుసగుసగా అడిగింది. ఆమె చేతులింకా తడిగా ఉన్నాయి. షరీఫ్ నిబంధనల పుస్తకం తిరగేశాడు. కేంద్రము ఆవరణలో అందిన ఫిర్యాదు ఎవరిపైనైనను ఆ కేంద్రమునకే చెందును. రెండువందల నలభై ఒకటి పోగా డెబ్బై నాలుగు.

పరబ్రహ్మం గారు ఆ కాగితాల బొత్తిని చూస్తూ నిలబడ్డారు. మొహం ముందు తెల్లబోయింది. తరవాత మెల్లగా వెలిగింది.

"సిస్టర్, మీ దగ్గర దాచేదేముంది," అన్నారు గొంతు తగ్గించి. "నా విభాగం మీద కూడా నాలుగేళ్లుగా ఒక్క ఫిర్యాదు లేదు. నాకూ పైనుంచి రెండు మెమోలున్నాయి." ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫిర్యాదుల బొత్తిని రెండు చేతులా ఎత్తుకుని, పేరంటాలమ్మకు నమస్కారం పెట్టి జీపెక్కారు.

కాన్పుల గది గంటిపాలెంలోనే ఉండిపోయింది. పరబ్రహ్మం గారికి రెండు నెలల్లో ప్రమోషను వచ్చింది. చైతన్యంలో ప్రథమ స్థానానికి ఇచ్చే షీల్డు రావిమెట్టకే దక్కింది. అయితే దాన్ని అందుకోవడానికి ఒక డాక్టరుండాలి కాబట్టి ప్రభుత్వం అక్కడ ఒక డాక్టరును వేసింది. అందుకున్నాక ఆయన వెళ్లిపోలేదు. అది ఎవరూ ఊహించని మేలు.

గంటిపాలెంలో మాత్రం ఒక కొత్త అలవాటు మిగిలింది. జనానికి ఫిర్యాదు రాయడం వచ్చేసింది. బస్సు ఆసుపత్రి ముందు ఆగడం లేదని రాస్తే పదిహేను రోజులకు ఆగడం మొదలుపెట్టింది. వీధి లైట్ల గురించి రాస్తే మూడు వెలిగాయి. రాసేది ఎక్కువగా పేరంటాలమ్మే.

ఇట్లా ఉండగా ఒక శనివారం పెట్టెలో మడిచిన ఫారం కనపడింది. పేరు లేదు. ముత్యాల్లాంటి అక్షరాలు. "సిస్టరు గారు వాళ్ల ఊరివాళ్లను, తెలిసినవాళ్లను ముందు పిలుస్తారు. మాది దూరపు పల్లె. మేము ముందు వచ్చినా చివరకే చూస్తారు. మధ్యాహ్నం దాటితే మాకు కూలి పోతుంది."

సుగుణరత్నం అది చదివి కుర్చీలో కూర్చుంది. ఫిర్యాదుల కోసం అన్ని పాట్లు పడిన మనిషి ఆ నాలుగు వాక్యాలను మళ్లీ మళ్లీ చదివింది. ఇంటికెళ్లినా అన్నం సయించలేదు.

"ఎవరో రాశారు, పట్టించుకోకండి సిస్టర్," అన్నాడు షరీఫ్ సోమవారం పొద్దున.

"పట్టించుకోవాల్సిందే సార్. నిజమే రాశారు." ఆమె అప్పటికే అట్టముక్కల మీద అంకెలు వేసి నంబరు బిళ్లలు తయారుచేసింది. వచ్చినవాళ్లకు వచ్చిన వరసలో ఒకటొకటి ఇచ్చింది.

ఎనిమిదింటికి పేరంటాలమ్మ ఎప్పటిలాగా నేరుగా బల్ల దగ్గరికొచ్చి చెయ్యి చాపింది. సుగుణరత్నం ఆ చేతిలో పద్నాలుగో నంబరు పెట్టింది.

"ఇదేంది?"

"నీ వరస పెద్దమ్మా. పిలుస్తా. అప్పటిదాకా కూర్చో."

"నేనా?"

"నువ్వే."

పేరంటాలమ్మ ఆ బిళ్లను తిరగేసి చూసింది. సుగుణరత్నం మొహం చూసింది. ఏమనుకుందో, మూతి బిగించుకుని పోయి వరండా చివర బెంచీ మీద కూర్చుంది. ఆ బెంచీ మీద దూరపు పల్లెల నుంచి వచ్చేవాళ్లు కూర్చుంటారు. ఆమె ఇంతకాలం అటు వెళ్లిందే లేదు. పక్కన సన్నగా, ముడుచుకుని ఒక పిల్ల కూర్చుని ఉంది. కాసేపు ఇద్దరూ ఎదురుగా గోడకేసి చూశారు. కానీ పేరంటాలమ్మ ఎంతసేపని ఊరుకుంటుంది?

"ఏ ఊరమ్మాయ్ మీది?"

ఆ పిల్ల ఊరి పేరు చెప్పింది. అంత దూరం నుంచా అంది పేరంటాలమ్మ. నడిచే వచ్చావా అంది. పొద్దున ఏమన్నా తిన్నావా అంది. ఎవరి తాలూకా అని మొదలుపెట్టి, వాళ్ల మేనత్తను ఎక్కడో జాతరలో చూశానని తేల్చింది. ఆ పిల్లకు నెమ్మదిగా నోరు పెగిలింది. మాటల్లో వాళ్ల ఊరికి బస్సే లేదని చెప్పింది. పేరంటాలమ్మ బొడ్లోంచి పెన్ను తీసింది.

"పద్నాలుగు," అని పిలిచింది సుగుణరత్నం లోపల్నుంచి. ఎవరూ రాలేదు. బయటికొచ్చి మళ్లీ పిలిచింది.

పేరంటాలమ్మ తల కూడా ఎత్తలేదు. "కాసేపాగు అమ్మాయ్," అంది, "మేం పనిలో ఉన్నాం. పదిహేను ఎవురో వాళ్లను పిలువు."